ఎడం పక్క సీటు

మా బామ్మర్ది పోయాడన్న కబురు తెచ్చింది ఒక వంకర ముక్కాయన. ఆ ముక్కు పుట్టుకతో వంకర కాదు, దాన్ని వంకర చేసింది మా బామ్మర్దే. పొద్దున్నే చంద్రగిరిలో మా వాకిట్లో నేను వేపపుల్ల నములుతూ ఉంటే, ఆరడుగులు దాటిన మనిషి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. తెల్ల చొక్కా, దాని మీద ఎండిపోయిన మరకలు.

ఆయన సేలం వైపు అరవాయన. మద్రాసులో మా బామ్మర్దితో కలిసి విమానం నడిపే మనిషి. నేను అంతకు ముందు ఆయన్ని చూడలేదు, అయినా ముక్కు చూసి పోల్చుకున్నాను.

"రాండి సామీ, రాండి. ముక్కు నయమయిందా? మావోడు అంత గట్టిగా కొట్టినాడంటే నేను నమ్మలేదే!" అన్నాను. మనిషి కనబడితే ఏదో ఒకటి అనకుండా ఉండలేను. నన్ను చూస్తే మా మనవళ్లే చెవులు మూసుకుని పారిపోతారు.

ఆయన నవ్వలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "నిన్న మద్యానం కొట్టినారు బావా. సాయంత్రం పోయినాడు. వ్యాన్లో తెస్తా ఉండారు" అన్నాడు.

ఆయనకు వచ్చిన తెలుగంతా మావాడు నేర్పిందే. నన్ను 'బావా' అని పిలవడం కూడా. మావాడు పోయాడన్న మాట మావాడి యాసలోనే విన్నాను నేను.

విమానం నడిపేవాడు పోయాడంటే విమానం కూలిందనుకుంటారు ఎవరైనా. మా ఊళ్లోనూ అట్లాగే అనుకున్నారు. వాడు ఆకాశంలో పోలేదు. నేల మీద, కంపెనీ గేటు ముందర, ఇనప కడ్డీ దెబ్బకు పోయాడు. ఒక సీటు గురించిన కొట్లాట అది. ఆ సీట్లో వాడు ఒక్కనాడూ కూర్చోలేదు. విమానం నడిపే దొరబాబులకు కూలివాళ్ల మాదిరి సంఘమేంది, దానివల్ల వాడికి ఏం ఒరిగింది అని టీ అంగట్లో రోజుకొకరు నన్ను నిలబెట్టి అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. చదివినవాళ్లు చదవనివాళ్లకు చెప్పండి. నా టీ నన్ను తాగనివ్వండి.

వాడు నా భార్యకు కడగొట్టు తమ్ముడు. వాడు పుట్టేనాటికే నాకు పిల్లలున్నారు. మా మామ పోయాక అత్తను, వాణ్ణి మా ఇంటికే తెచ్చుకున్నాం. ఎత్తుకుంటే కొరికేవాడు. నా చెవి మీద వాడి పాలపళ్ల గాటు ఇప్పటికీ ఉంది. బళ్లో అయ్యవారు బెత్తం ఎత్తితే బెత్తాన్నే కొరికాడు. వాడికి మాటకంటే ముందు పన్ను వచ్చింది, పన్ను తర్వాత పిడికిలి వచ్చింది. మాట చివర్లో వచ్చింది. అయితే వచ్చినాక మంచి మాటలే వచ్చాయి.

నేను చిత్తూరు నుంచి పలమనేరుకు బస్సు తోలేవాణ్ణి. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సు వెనకాల బొగ్గుల పొయ్యి కట్టుకుని, ఆ గ్యాసుతో తోలేవాళ్లం. హైస్కూలు సెలవులొస్తే వాడు నాకు క్లీనరు. పొయ్యిలో బొగ్గు ఎగదోయడం, ఘాటు రోడ్డు ఎక్కలేక బండి నిలబడిపోతే దిగి చక్రం వెనక రాయి పెట్టడం వాడి పని. మిగతా వేళంతా నా ఎడం పక్క సీట్లో, మసి మొహంతో, కోతిపిల్ల మాదిరి కూర్చునేవాడు. మా అత్తకు అది కంటగింపు. "హైస్కూలు సదివే బిడ్డని ఎడం పక్కన కూర్చోబెట్టినావు గదా అల్లుడా! డ్రైవరు కుడి పక్క, క్లీనరు ఎడం పక్క. ఆమాత్రం నాకు తెలీదనుకున్నావా?" అని నా కంచం విసురుగా పెట్టేది. ఆ మాట గుర్తు పెట్టుకోండి.

ఒకనాడు మొగిలి ఘాటులో మా బస్సు ఓనరు ముదలాళిదే ఇంకో బస్సు చింతచెట్టుకు గుద్దుకుంది. ఆ డ్రైవరును ముదలాళి రాత్రీ పగలూ దిగనివ్వకుండా తోలించాడు. నిద్ర ముంచుకొచ్చి స్టీరింగు మీద వాలిపోయాడు పాపం. వెనకే వస్తున్న మేము ఆపి, రేకులు వంచి, మనుషుల్ని బయటికి లాగాం. లాగినవాళ్లంతా బతికినవాళ్లు కాదు. ఒక ముసలాయన్ని మావాడు భుజాన వేసుకుని రోడ్డు దాకా తెచ్చాడు. దించాక చూస్తే ఆయన లేడు.

మరునాడు చిత్తూరు బస్టాండులో, తలకు గుడ్డ కట్టుకుని నిలబడిన ఆ డ్రైవరును ముదలాళి అందరి ముందరా చెప్పు తీసి చెంపల మీద కొట్టాడు. మూడో దెబ్బకు చెయ్యి ఎత్తాడు. అంతలో మావాడి పిడికిలి ఆయన మూతి మీద పడింది. ముందరి పళ్లు మట్టిలో రాలాయి. నా ఉద్యోగం కూడా ఆ పళ్లతోపాటే రాలింది.

"నిన్ను కొట్టినాడేందిరా ఆయన? నీకెందుకురా?" అని ఇంటికొచ్చి నేను నాలుగు తగిలించాను. వాడు తన్నులు తింటూనే అన్నాడు. "నిద్దర గూడా పెట్రోలే బావా. అది అయిపోయినంక బండి తోలమన్నోడిది తప్పా, తోలినోడిది తప్పా?"

జవాబుకు బదులు ఇంకోటి తగిలించాను.

పోలీసులు వెతుకుతున్నారని తెలిసి వాడు మద్రాసు పోయి పట్టాళంలో చేరాడు. యుద్ధానికి మనుషులు కావాలి, ఎవరి పళ్లు ఎవరు రాలగొట్టారని అడిగేవాళ్లు లేరు. స్కూలు ఫైనలు పాసయిన తెలివిగలవాడని విమానం నేర్పారు. యుద్ధం ముగిశాక పట్టాళంలో మిగిలిపోయిన విమానాలు కొని ఒక కంపెనీ మద్రాసులో జనాన్ని తిప్పడం మొదలుపెడితే అందులో చేరాడు.

మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఊరంతా మా అరుగు మీదే. విమానంలో ముందర రెండు సీట్లుంటాయట. ఎడం పక్కన కూర్చునేవాడు పెద్ద పైలెట్, కేప్టెను. కుడి పక్కన చిన్నవాడు. మావాడిది కుడి పక్క. ఇది వాడు చెప్పగానే మా అత్త చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"నాకు చెప్పొద్దు. మీ బావ అన్నేండ్లు బండి తోలినాడు. ఒగనాడన్నా ఎడం పక్కన కూర్చోని తోలినాడా?"

"అది బస్సమ్మా. ఇది వేరే."

"బస్సయితేనేమి, విమానమయితేనేమి? ఆకాశంలోకి పోతే మనిషికి కుడిచెయ్యి మారిపోతాదా? ఎడం పక్కన కూర్చునేవోడు క్లీనరే. నిన్ను ఏమార్చడానికి కేప్టెనని పేరు పెట్టుకున్నాడు."

వాడు నా వైపు చూశాడు, సాయం చెయ్యి బావా అన్నట్టు. నేను ఊరుకుంటానా? "మీ అమ్మ చెప్పేదే నిజంరా. ఆయప్ప మధ్యలో దిగి చక్రానికి రాయి పెడతాడేమో, నువ్వు గమనించుకోలేదు" అన్నాను. జనమంతా నవ్వారు. అంతటితో మా అత్త గెలిచింది. వేరుశనక్కాయలు వొలిచే చోట, బావి కాడ, కోటలో రాజమహల్ ముందర మేకల్ని కాసేవాళ్లకు కూడా చెప్పింది, మావాడు కుడి పక్కనే కూర్చుంటాడు, నడిపేది మావాడేనని. వాడు ఆమె మాట మళ్లీ ఎప్పుడూ దిద్దలేదు.

పెళ్లి చేసుకోరా అంటే ఎడం పక్క సీటు వచ్చినాకే అనేవాడు. "పెండ్లాం కూర్చునేదే ఎడం పక్కన గదరా. ఆడ నువ్వు కూర్చుంటే ఆ పిల్ల యాడ కూర్చోవాల?" అని నేను అడిగితే నా మీదికి చెంబు విసిరేవాడు. గురి బాగా కుదిరేది.

ఇప్పుడు ముక్కు సంగతి. ఆ సేలం ఆయన అప్పటికే కేప్టెను. కంపెనీ పైలెట్లను బండి ఎద్దుల మాదిరి తోలుతుండేది. దిగిన వెంటనే మళ్లీ ఎక్కు, ఇంజన్ దగ్గుతున్నా ఎక్కు, వానొచ్చినా ఎక్కు. వద్దన్నవాడు ఎడం సీటులోంచి కుడి సీటుకు, కుడి సీటులోంచి ఇంటికి. మేనేజరుకు ఎవరు నచ్చితే వాడు కేప్టెను. అందుకని ఆయన పైలెట్లందరినీ కూడగట్టి సంఘం పెట్టాలని చూశాడు. మావాడు చేరనన్నాడు. నా పని నేను బాగా చేస్తే నా సీటు నాకొస్తుందని వాడి లెక్క. "అట్లయితే మేనేజరు కాడ తోక ఆడించు పో" అని ఆయన కేంటీనులో అందరి ముందరా అన్నాడు. అంతే. ముక్కు వంకర పోయింది.

మరునాడే ఇద్దరికీ ఒకే విమానం వేశారు. ముక్కుకు పట్టీతో ఆయన ఎడం పక్కన, పిడికిలి వాచి వీడు కుడి పక్కన. హైదరాబాదు పోయి వచ్చేటప్పుడు మబ్బుల్లో ఆయన తల ముందుకు వాలిపోయిందట. వెనక జనమంతా కునుకు తీస్తున్నారు, ముందర కేప్టెనూ కునుకు తీస్తున్నాడు. "బావా, ఆయన తల వాలింది సూసినాను. మొగిలి ఘాటు కనపడింది" అన్నాడు నాతో. లేపలేదట. తనే నడిపి, నేల కనబడ్డాక భుజం తట్టాడట. దిగాక ఒక్క మాటే అడిగాడట ఆయన్ని. "మీ సంఘంలో యాడ సంతకం పెట్టాల?"

దీని మీద నేనూ వాడూ అరుగు మీద కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"ఒరే, కేపు పెట్టుకున్నోళ్లకు సంఘమేందిరా?"

"కేపు పెట్టుకుంటే కూలోడు కాకుండా పోతాడా బావా? రెక్కలుండేది విమానానికి. నాకు గాదు."

"అందరికంటే నువ్వు బాగా నడుపుతావంటివి గదా. ముందొచ్చినోడికే ముందు సీటు అని మీ సంఘం అంటా ఉండాది. నీకన్నా మొద్దోడు ముందొచ్చి ఉంటే, వాడి వెనకాల నువ్వు ముసలోడయ్యేదాకా నిలబడాల. అది నీకు లాభమా?"

వాడు కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నష్టమే బావా. నాకయితే నష్టమే. అయితే వరస ఉంటే మేనేజరుకు భయపడే పని లేదు. భయపడనోడు వానొచ్చినప్పుడు పోనంటాడు. పోనన్నందుకు ఎనకాల ఉండే జనం బతుకుతారు. నా సీటు కొంచెం ఆలస్యమయితే ఆలస్యం కానీ."

ఇంత పెద్ద మాట చెప్పి, నా చుట్ట లాక్కుని తనే తాగాడు. పెద్ద మాట చెప్పినప్పుడల్లా ఏదో ఒకటి లాక్కునేవాడు.

సంఘం పెట్టినందుకు కంపెనీ ఆ సేలం ఆయన్ని ఎడం సీటులోంచి దించేసింది. ఆ సీటు మావాడికి ఇస్తాం, సంఘంలోంచి బయటికి రా అంది. వాడు సెలవు పెట్టి ఇంటికొచ్చేస్తే, వెనకాలే కంపెనీ మనిషి కారులో చంద్రగిరి దాకా వచ్చాడు. నల్ల కోటు, చేతిలో ఆపిల్ పళ్ల బుట్ట. పెద్దవాళ్ల చేత చెప్పిస్తే వింటాడని ఆయన తెలివి. బుట్ట మా అత్త ముందర పెట్టి, చేతులు జోడించి, "అమ్మా, మీ అబ్బాయి అదృష్టవంతుడు. ఇన్నాళ్లూ కుడి పక్కన కూర్చున్నాడు. రేపట్నుంచి ఎడం పక్కన కూర్చోబెడతాం" అన్నాడు.

మా అత్త లేచింది. "ఏమంటివీ?"

"ఎడం పక్క సీటమ్మా. మేమే ఇస్తున్నాం."

"నా కొడుకుని క్లీనర్ని చేస్తాననేదానికి నా ఇంటికే వచ్చినావేందిరా!"

మూలనున్న పొరక ఆమె చేతిలోకి ఎట్లా వచ్చిందో నాకు కనబడలేదు. మొదటి దెబ్బకు కళ్లజోడు పోయింది. రెండో దెబ్బ మెడ మీద. ఆయన "అమ్మా, అది కాదమ్మా" అంటూ వీధిలోకి పరుగెత్తాడు, ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి వెంటపడింది. కారు కదిలేలోగా తలుపు మీద, టాపు మీద, అద్దం మీద వాయించింది. మావాడు ఆపలేదు. అరుగు మీద కూర్చుని బుట్టలోంచి ఒక ఆపిల్ తీసి, బరువు చూసి, విసిరాడు. పోతున్న కారు వెనక అద్దం భళ్లుమంది.

"నీ నోటి కాడి కూడు మీయమ్మ పొరకతో చిమ్మేసింది గదరా" అన్నాను.

"నేను చెప్పాల్సింది అమ్మ చెప్పింది బావా. నేనయితే అంత బాగా చెప్పేవాణ్ణి గాదు."

నవ్వి నవ్వి వాడి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నవ్వు ఆగినాక కూడా అవి ఆగలేదు. అప్పుడు మాత్రం నేను ఎగతాళి మానుకుని అడిగాను. "నిజం చెప్పు. ఆ సీటు కావాలని లేదా?"

"రోజూ దాని పక్కనే కూర్చుంటా బావా. చెయ్యి సాపితే తగులుతాది. కావాలని లేకుండా ఎట్లుంటాది? అయితే అది ఇంకా వెచ్చగా ఉండాది. మనిషిని ఈడ్చి పారేసి, ఆ వెచ్చదనం మింద నన్ను కూర్చోమంటా ఉండారు."

పళ్లబుట్ట మా మనవళ్లు ఖాళీ చేశారు. వాడు మద్రాసు పోయాడు. మళ్లీ నడిచి రాలేదు.

పైలెట్లందరూ పని ఆపేసి కంపెనీ గేటు ముందర నిలబడ్డారు. సేలం ఆయన సీటు ఆయనకు తిరిగి ఇవ్వాలి, ఇక మీదట వరస ప్రకారమే సీటు ఇవ్వాలి, నిద్ర లేనివాణ్ణి ఎక్కించకూడదు. వాళ్లు అడిగింది ఇవే. కంపెనీ హార్బరు వైపు నుంచి రౌడీలను లారీలో తెప్పించింది. సైకిలు చెయిన్లు, ఇనప కడ్డీలు. తర్వాత జరిగింది సేలం ఆయన మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. ముందు దూకింది మావాడేనట. ఒకడి చేతిలోని చెయిన్ లాక్కుని వాడి మొహం మీదే కొట్టాడు. ఇంకొకడు మెడ పట్టుకుంటే వాడి చెవి కొరికేశాడు.

"చెవి కొరికినాడా?" అని అడిగాను. నా చెయ్యి నా చెవి మీదికి పోయింది.

"ఆమా బావా. ముక్క ఊసేసినాడు."

గొడవలో అందరూ ఇద్దరిద్దరుగా వీపులు ఆనించుకుని నిలబడ్డారట. మావాడు మాత్రం సేలం ఆయన పక్కన, ఆయనకు కుడి వైపున నిలబడ్డాడు. అలవాటు. కడ్డీ కుడి వైపు నుంచే వచ్చింది. అది ఆయన తలకు ఎత్తిన కడ్డీ. మధ్యలో మావాడి తల ఉంది. పడిపోయి మళ్లీ లేచాడట, తల తుడుచుకుని, "ఏంలే, ఘాటులో ఇంతకన్నా పెద్దవి తగిలినాయి" అన్నాడట. ఆ తర్వాత పోలీసులొచ్చి ఎవరు కొట్టారో ఎవరు తిన్నారో చూడకుండా లాఠీలు ఝళిపించారు. సందు దొరికి ఆయన చూసేసరికి మావాడు గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు, కళ్లు తెరుచుకునే. ఆస్పత్రిలో సాయంత్రం దాకా ఊపిరి ఉంది, మాట లేదు.

శవం వ్యాన్లో వచ్చింది. పైలెట్లు పాడె మేము మోస్తామన్నారు. మా అత్తకు మరిది ఒకాయన ఉన్నాడు, మేం చిన్నమామ అంటాం. మీరెవరో మీ కులాలేవో, మా బిడ్డను మోసేదేందని ఆయన అడ్డం తిరిగి ఒక కుర్ర పైలెట్ గుండె మీద చెయ్యి వేసి తోశాడు. ఆ కుర్రవాడు తిరిగి తోశాడు. ఇంకేముంది, చొక్కాలు చిరిగాయి. వాడి శవం ముందర కొట్లాట. ఇట్లాంటిది జరుగుతుంటే ఊరికే పడుకుని ఉండడం వాడి బతుకులో అదే మొదటిసారి. చివరికి ముందర వాళ్లు, వెనక మేము.

పెద్ద దినం నాడు సేలం ఆయన మళ్లీ వచ్చాడు. ఆ చావుతో కంపెనీ దిగొచ్చింది. ఆయన సీటు ఆయనకు ఇచ్చారు. వరస ఒప్పుకున్నారు. నిద్ర చాలనివాడు ఎక్కనంటే ఎక్కక్కర్లేదు. ఆ వరసలో కేప్టెను కావలసిన తర్వాతి మనిషి మా బామ్మర్దేనట.

వాడికి ఏం ఒరిగిందని అడిగేవాళ్లకు ఇదే నా జవాబు. వాడికి ఏమీ ఒరగలేదు. మిగతావాళ్లు నిద్రపోతున్నారు. వాళ్ల విమానాల్లో ఎక్కినవాళ్లు దిగి ఇళ్లకు పోతున్నారు. సంఘం మంచిదా కాదా అంటే మంచిదే అంటాను. అట్లా అన్నాక నాలుగు బూతులు కూడా తిడతాను. రెండూ నిజమే.

లోపల గోడకు ఆనించి వాడి ఫోటో, దీపం పెట్టారు. వాడికి ఇష్టమైనవన్నీ వండారు, రాగి సంగటి, నాటుకోడి పులుసు, ఊరుబిండి పచ్చడి. వాడే గోడకు ఆనుకుని వాకిలి వైపు చూస్తూ కూర్చున్నట్టు ఆకు వేశారు. మా ఇంటి పద్ధతి ప్రకారం దీపానికి కుడి పక్కనే వేశారు.

సేలం ఆయన చెప్పిందంతా మా అత్త గుంజ పట్టుకుని వింది. తర్వాత అడిగింది.

"వాడి వంతు వచ్చిందా అయితే?"

"వచ్చిందమ్మా."

"పెద్దోడు కూర్చునేది ఎడం పక్కనేనా? నిజంగానా?"

ఆయన నా వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. వెక్కిరించడానికి నా నోరు లేవలేదు. తల ఊపాను.

ఆమె వంగి, వడ్డించిన ఆకును రెండు చేతులా ఎత్తి, పులుసు కారుతుంటే కారనిచ్చి, దీపానికి అటు పక్క, ఎడం పక్కన పెట్టింది. నీళ్ల చెంబు కూడా జరిపింది. "ఎడం పక్కనా? పోయినోడికి అట్ల పెట్టకూడదు వదినా!" అని చిన్నమామ ఆకు మీద చెయ్యి వేశాడు. చేతికందిన సంగటి తెడ్డుతో ఆమె ఆ చెయ్యి మీద కొట్టింది. మళ్లీ కొట్టింది. ఆయన చెయ్యి పట్టుకుని వాకిలి దాకా వెనక్కి పోయాడు.

"వాడు కేప్టెను" అంది.

అప్పుడు సేలం ఆయన తన టోపీ తీసి కింద పెట్టి, అంత పొడుగు మనిషి కాళ్లు ముడుచుకుని, గోడకు వీపు ఆనించి, ఆ ఆకుకు కుడి పక్కన కూర్చున్నాడు. ఆమె ఆయనకు కూడా ఒక ఆకు వేసి వడ్డించింది. ఆయన తినలేదు. పక్క ఆకు వైపు చూడలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, తెరిచిన వాకిట్లోంచి కోట కొండ వైపు, దాని మీది మబ్బుల వైపు చూస్తూ అట్లాగే కూర్చున్నాడు, పక్కవాడు ఎప్పుడు చెబితే అప్పుడు బయలుదేరేవాడి మాదిరి.